ఆరో కుండీ

ఆ మొక్కని నేనే నీళ్ళు ఎక్కువ పోసి చంపేశానని మూడు నెలలు నమ్మాను. నమ్మించింది మా అన్నయ్య ఉమాపతి. నేనూ తక్కువ తినలేదు, అదే అబద్ధాన్ని తీసుకెళ్ళి ఇంకొకరికి అప్పజెప్పాను.

అది రెండువేల నాలుగో సంవత్సరం. ఒరిస్సా కొండల్లో ఉన్న పొట్టంగిలో బస్సులు ఆగేచోట మాది అటవీ సరుకుల కొట్టు. చింతపండు, కుంకుళ్ళు, కరక్కాయలు, కొండ చీపుర్లు కొనేవాళ్ళం. అన్నిటికన్నా ముఖ్యమైనది అడవి జీలకర్ర. కూరలో వేసే జీలకర్ర అనుకునేరు, ఒక్క గింజ నోట్లో వేసుకుంటే సాయంత్రం దాకా చేదు వదలదు. పిల్లల కడుపులో పురుగులకి కషాయం కాస్తారు. దాన్ని ఎవరూ పొలంలో వెయ్యరు. తొలి వానలకి కొండవాలు మీద దానంతట అదే మొలుస్తుంది, ఊదారంగు పూలు పూస్తుంది, పుష్యమాసానికి గింజ పట్టి ఎండిపోతుంది. గింజ రాలితేనే మళ్ళీ ఏడాదికి మొక్క.

అందుకే మా కొట్లో తాత కాలం నుంచి ఒక పద్ధతి ఉండేది. కొండమీది ఆడవాళ్ళు గింజ తెచ్చి అమ్మినప్పుడు కుంచానికో గుప్పెడు తీసి వేరే గోనెలో పోసేవాళ్ళం. దాన్ని కొండ వాటా అనేవారు. తొలి వానల తరవాత వచ్చే సంతనాడు ఆ గోనె విప్పి, వచ్చిన ప్రతి ఆడమనిషికీ రెండేసి గుప్పిళ్ళు తిరిగి ఇచ్చేవాళ్ళం. వాళ్ళు తీసుకెళ్ళి ఎవరి వాలు మీద వాళ్ళు చల్లుకునేవారు. ఏ కొండ గింజ ఏ కొండకి పోతోందో ఎవరూ చూసుకోరు, అన్నీ ఒకే గోనెలో కలిసిపోయేవి. ఆ గింజ ఇంటి ఆడదాని చేత్తోనే ఇవ్వాలి. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ ఇచ్చింది. అమ్మ పోయాక, నా పదహారో ఏట నుంచి, ఆ పని నాకొచ్చింది. రెండువేల నాలుగుకి నాకు ఇరవై.

ఆ గింజ కోసం అందరికన్నా ముందు వచ్చేది కుంతి. రెండు కొండల అవతల ఊరు. మొగుడు పోయాడు, చారెడు పొలం లేదు. ఊరివాళ్ళు దయతలచి ఒక వాలు ఆమెకి విడిచిపెట్టారు. ఆ వాలు మీద మొలిచే అడవి జీలకర్రతోనే ఆమె ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుకుంటోంది. నేను కుంతప్ప అనేదాన్ని, మావైపు అక్కని అప్ప అంటారు. ఆమె నన్ను నోని అనేది, మా సంతల్లో అందరూ కలిసి మాట్లాడుకునే దేశియా భాషలో అమ్మాయి అని. ఆమె మాటలన్నీ దేశియాలోనే ఉండేవి, నేను మా ఇంటి తెలుగులో చెబుతున్నాను.

ఆ చైత్రంలో మా ఊరికి భువనేశ్వర్ నుంచి ఒక సైన్సు బాబు దిగాడు. వయ్యారిభామ మొక్కని చంపడానికి. ఆ దిక్కుమాలిన మొక్కకి అంత సొగసైన పేరు ఎవరు పెట్టారో గానీ, బడి చుట్టూ, రోడ్డు పక్కనా, బీళ్ళలో అదే. తగిలితే దురద, గాలి పీలిస్తే ఆయాసం. ఈయన దానికి మందు కొట్టడట, జబ్బు అంటిస్తాడట. బియ్యం ఉడికించి దాని మీద ఒక బూజు పెంచారు. ఆ బూజు పట్టిన బియ్యాన్ని ఎండబెట్టి, పొడి చేసి, సబ్బునీళ్ళలో కలిపి చల్లితే వయ్యారిభామ ఆకులు మచ్చలు పడి మాడిపోతాయి. రసాయనం కాదు కాబట్టి మనిషికీ గొడ్డుకీ ఏ హానీ లేదు అని బాబు ఊరంతా చెప్పాడు. మేం ఆయనకి బూజు బాబు అని పేరు పెట్టి నవ్వుకున్నాం.

ఆయనకి సరుకు దాచుకోవడానికి చోటు కావాలి, తిరగడానికి ఒక మనిషి కావాలి. మా నాన్న, ఆయన పేరు సింహాచలం, మా గొడౌన్లో సగం ఇచ్చి, మా అన్నయ్యని మనిషిగా ఇచ్చాడు. డిప్లొమా చేసి మూడేళ్ళుగా కొట్టు అరుగు మీద కూర్చున్న కొడుకు అతడు. ఫీల్డు అసిస్టెంటు అనే మాట విన్న రోజు నాన్న ఆ మాటని నాలుగైదు సార్లు పైకి అనుకోవడం నేను విన్నాను. ఇప్పటికి తాత్కాలికమే, పని బాగుంటే పర్మనెంటు చేస్తామన్నారు.

మొదటి పనిగా మా పెరట్లో కుండీలు పెట్టించాడు బాబు. వయ్యారిభామ జాతికి దగ్గరి పంటలేమైనా పాడవుతాయేమో చూడాలట. పొద్దుతిరుగుడు, వలిసెలు, కుసుమ, బంతి, వాటికి తోడు వేరే జాతిదైన వంగ. అయిదు కుండీల్లో అయిదు మొక్కలు. ఒక కుండీ ఖాళీగా మిగిలింది. నేనే కొండ వాటా గోనె నుంచి నాలుగు గింజలు తెచ్చి అందులో వేశాను. కుండీ ఖాళీగా ఉంటే చూడలేని బుద్ధి నాది.

"ఏటే అది?" అన్నాడు అన్నయ్య.

"అడవి జీలకర్ర. దీనికీ కొట్టు, సూద్దాం."

నవ్వి దానికీ కొట్టాడు. తడి గోనెపట్టాలు కప్పి రెండు రోజులుంచాడు. వైశాఖం సగానికి అయిదు కుండీలూ పచ్చగా ఉన్నాయి. నా కుండీలో ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, మచ్చ చుట్టూ పసుపు వలయం. తరవాత కాడ నల్లబడి మొక్క వాలిపోయింది. ఎంత ముచ్చటపడి పెంచానో, ఏడుపొచ్చినంత పనైంది.

"అడివి మొక్కకి పొద్దూ సాయంత్రం సెంబుడు సెంబుడు నీళ్ళు పోస్తే సావదేటి?" అన్నాడు అన్నయ్య. "నువ్వే సంపీసేవు." ఆ కుండీని గోడ అవతల బోర్లించి వచ్చాడు. ఆ తరవాత మూడు నెలలూ నన్ను ఏడిపించడానికి అదే పాట. అన్నంలో నీళ్ళెక్కువైనా, చారు పలచబడినా "మా సెల్లి సెయ్యి పడిందంటే మొక్కయినా మునగాల్సిందే" అనేవాడు. నాన్న పకపకా నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

జ్యేష్ఠంలో వాన పడింది. సంత రోజు పొద్దున్నే కొండ వాటా గోనె తీయడానికి గొడౌన్లోకి వెళ్ళాను. బూజు బియ్యం బస్తాలు దాని మీదికి వాలి ఉన్నాయి. ఎలుక కొరికిన బస్తా ఒకటి కారి, నా గోనె నోట్లోకి నల్లటి పొడి పడి ఉంది. చేతులు పెడితే మోచేతుల దాకా బూడిద రంగు.

"అన్నియ్యా, గింజంతా దుమ్మయిపోయింది."

అన్నయ్య వచ్చి చూశాడు. పొడి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు, చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. అది నాకు బాగా గుర్తు.

"జల్లించి ఇచ్చీ," అన్నాడు చివరికి.

జల్లించాను. జల్లెడ పట్టి, చేటతో చెరిగి, ఎనభై మందికి పైగా ఆడవాళ్ళకి కొంగుల్లో పోశాను. కుంతప్పకి మూడో గుప్పెడు కూడా వేశాను, అందరూ చూస్తుండగానే. ఆమె కొంగు ముడివేసుకుని, "నీ సెయ్యి సల్లనిది నోనీ," అంది.

వర్షాలు బాగా పడ్డాయి. బూజు బాబు మనుషులు బడి దగ్గరా రోడ్డు మీదా పిచికారీలు భుజాన వేసుకుని తిరిగారు. వయ్యారిభామ నాలుగు రోజులు తల వేలాడేసింది, బాబు ఫొటోలు తీసుకున్నాడు. ఆ తరవాత మొదట్లోంచి కొత్త చిగురు వేసి మళ్ళీ పూసింది. అయినా కాగితాల మీద పని బాగుందనే రాసుకున్నారు, అన్నయ్యకి నీలం రంగు గుర్తింపు కార్డు వచ్చింది.

శ్రావణంలో ఒక సంతనాడు కుంతప్ప వచ్చింది. అమ్మడానికి ఏమీ తేలేదు. కొంగులోంచి టేకాకు పొట్లం తీసి విప్పింది. అందులో అడవి జీలకర్ర రెమ్మ. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, మచ్చ చుట్టూ పసుపు వలయం.

"వాలు కింద భాగమంతా ఇలగే ఉన్నాది నోనీ. మా అమ్మ కాలంనుంచీ ఇలాటిది సూళ్ళేదు."

నాకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. తెలిసిన సంగతి కనబడితే వచ్చే నవ్వు.

"నీళ్ళెక్కువయ్యాయప్పా. నేనూ ఒక కుండీలో ఇలగే సంపీసేను. ఈ ఏడు వానలు ఎక్కువ కదా."

కుంతప్ప నా ముఖంలోకి చూసింది. "వాలు మీద నీళ్ళెక్కడ నిలుస్తాయి నోనీ?"

వేరే ఎవరో కుంకుళ్ళు తెచ్చారు, నేను తూకం దగ్గరికి వెళ్ళాను. కుంతప్ప ఆ రెమ్మని నా దగ్గరే వదిలి వెళ్ళిపోయింది. తూకం రాయి పెడుతున్నాను, తీస్తున్నాను, ఆమె అడిగిన మాటే చెవిలో ఉంది. నా కుండీకి కూడా అడుగున చిల్లుంది. పోసిన నీళ్ళు పోసినట్టే కారిపోయేవి.

మధ్యాహ్నం కొట్టు సద్దుమణిగాక అన్నయ్య బల్ల సొరుగు తెరిచాను. రెండు పుస్తకాలున్నాయి. ఒకటి నలిగిపోయిన చిత్తు పుస్తకం, తెలుగులో అన్నయ్య కోడికాళ్ళ రాత. అందులో ఆరు కుండీలున్నాయి. ఆరో దానికి ఎదురుగా "అడవి జీలకర్ర. మచ్చలు. పన్నెండో రోజుకి చచ్చింది. మిగతావాటికేమీ లేదు" అని రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. రెండోది అట్ట వేసిన రిజిస్టరు, ఇంగ్లీషులో, బాబు సంతకంతో. అందులో అయిదు కుండీలే ఉన్నాయి.

రెండు పుస్తకాలూ పట్టుకుని గొడౌన్లోకి వెళ్ళాను. అన్నయ్య పిచికారీ గొట్టం కడుగుతున్నాడు.

"ఇందులో ఆరో కుండీ ఏదన్నియ్యా?"

పుస్తకాలు చూశాడు, నన్ను చూశాడు.

"బాబుకి సెప్పేనే. మచ్చలొచ్చిన రోజే సెప్పేను. అది పంట కాదు, మన లిస్టులో లేదు, నిన్నెవడు పెట్టమన్నాడు అని నన్నే తిట్టేడు. గీత కొట్టీమన్నాడు. కొట్టీసేను."

"మరి నేను నీళ్ళెక్కువ పోసేనని నాకెందుకు సెప్పేవు?"

"మరేటి సెప్పమంటావు? నిజం సెప్తే సంతలో ఆ కుంతికి సెప్పీసీదానివి."

"ఆ రోజు గింజ మీద పడ్డది ఏటో నీకు తెల్సు."

"జల్లించమన్నాను కదేటి."

"జల్లిస్తే పోతాదా?"

గొట్టం కింద పెట్టాడు. "పోదేమో అనుకున్నాను. పోతాదేమో అని కూడా అనుకున్నాను," అన్నాడు. మూడు నెలలు నా చేతివంట మీద, నా చెంబు మీద వాడు వేసిన ఛలోక్తులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ నవ్వులన్నీ నా నోరు కట్టడానికే.

గుమ్మంలో నాన్న ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"నాన్నా, అన్నియ్య ఏం సేసేడో తెల్సా?"

"తెల్సు," అన్నాడు నాన్న. "ఆడు నాకా రోజే సెప్పేడు."

నాన్నంటే నాకు ప్రాణం. అమ్మ పోయాక నాకు జడ వేసినవాడు, వంకరగానైనా సరే, రెండేళ్ళు రోజూ వేశాడు. ఆయన ఆ మాట అంత మామూలుగా అనేసరికి నా గొంతు కోసినట్టే అయింది.

"ఎనభై మందికి నా సేత్తో ఇప్పించేవు నాన్నా."

"ఆపితే ఎందుకాపేవని అడుగుతారు. ఏటి సెప్పీది?" నాన్న వచ్చి బస్తా మీద కూర్చున్నాడు. "ఇనమ్మీ. ఈ నెల్లోనే ఆడి ఆర్డరు వస్తాది. పెద్దాఫీసరు సంతకమొక్కటే తరువాయి. ఇప్పుడు మచ్చలనీ మన్ననీ గోల సేస్తే ముందు పోయీది ఆడి ఉజ్జోగం. రెండు సంతలు ఓర్సుకో. ఆర్డరొచ్చీనాక నానే అరుగు మీద నిలబడి అందరికీ సెప్తాను. మీ అమ్మ మీదొట్టు."

అమ్మ మీద ఒట్టు వేశాడు కదా అని నమ్మాను. ఇప్పుడు ఆలోచిస్తే, నమ్మానో, నమ్మితే సుఖంగా ఉంటుందని నమ్మానో తెలియదు. పుస్తకాలు తీసుకెళ్ళి మళ్ళీ సొరుగులోనే పెట్టాను.

తరవాతి సంతకి కుంతప్ప ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకు వచ్చింది. ఒకామె మరో కొండ మనిషి, మా గొడౌను మందు ఏనాడూ కొట్టని ఊరు. ఆమె దగ్గరా అలాంటి ఆకులే ఉన్నాయి.

"నువ్వు సదూకున్నావు, నువ్వు సెప్పు నోనీ," అంది కుంతప్ప. "మచ్చలున్న మొక్కలు పీకీమంటావా, ఉంచీమంటావా? కింద సగానికే ఉన్నాది. పై సగం శుభ్రంగా ఉన్నాది. అంటుకునీదైతే ఇప్పుడే పీకి కాల్సీస్తాం."

నాన్న గల్లా దగ్గర కూర్చుని వింటున్నాడు. తల ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు, నేనేం చెప్తానో ఆయనకి తెలుసు.

"తొందరపడి పీకొద్దప్పా," అన్నాను. "అన్నియ్యనడిగి వచ్చే సంతకి సెప్తాను."

ఆమె సరేనని తలూపింది. ఇంకో మాట అడగలేదు. నా మాట కోసం రెండు కొండలు దిగి వచ్చింది, దాన్ని తీసుకుని రెండు కొండలూ ఎక్కిపోయింది. ఆ వారమంతా గాలివాన. కిటికీ రెక్క కొట్టుకున్నప్పుడల్లా నాకు కుంతప్ప వాలు గుర్తొచ్చేది. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తూ కూర్చునేదాన్ని. చెప్పడానికి మాత్రం వెళ్ళలేదు. కాళ్ళున్నాయి, దారి తెలుసు, వెళ్ళలేదు.

రెండో సంతకి ముందురోజు ఆర్డరొచ్చింది. నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కోరాపుట్ నుంచి లడ్డూలు తెప్పించి, సంతనాడు పొద్దున్నుంచీ కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ పంచాడు. "మావోడు గవర్నమెంటు మనిషైపోయేడు," అని లారీ డ్రైవర్లకి కూడా చెప్పాడు. కొండమీది ఆడవాళ్ళకీ తలా ఒక లడ్డూ పెట్టాడు. అరుగు మీద నిలబడే పెట్టాడు. అరుగు మీద నిలబడి చెప్తానన్న మాట మాత్రం చెప్పలేదు. ఎండ నడినెత్తికొచ్చింది, సంత సగం ఖాళీ అయింది.

దగ్గరికెళ్ళి మెల్లిగా అడిగాను. "నాన్నా, సెప్తానన్నావు."

"ఈరోజా? మంచిరోజు పూట?" అన్నాడు. "ఇంక సెప్పినా ఏటి లాభం సెప్పు. ఒగ్గీ."

అప్పుడు తెలిసింది నాకు, ఆయన ఎప్పటికీ చెప్పడని. ఆ రోజు గొడౌన్లో బస్తా మీద కూర్చుని ఒట్టు వేసినప్పుడే ఆ సంగతి ఆయనకి తెలుసని.

అరుగు దిగి కుంతప్ప దగ్గరికెళ్ళాను. ఏడెనిమిది మంది మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నాకొచ్చిన దేశియాలో అంతా చెప్పాను. బూజు సంగతి, గింజ మీద పడిన పొడి, గీత కొట్టేసిన కుండీ. నా చేతులు చూపించి, ఈ చేతుల్తోనే ఇచ్చానని చెప్పాను. మిగిలిన మొక్కలన్నీ ఇవాళే పీకి కాల్చేయండి అన్నాను.

కుంతప్ప తిట్టలేదు. తిడుతుందని ఆశపడ్డాను. ఆమె చేతిలో నాన్న పెట్టిన లడ్డూ ఇంకా అలాగే ఉంది.

"నీకెప్పుడు తెల్సింది?" అంది.

అబద్ధం చెప్పడం ఆ క్షణంలో ఎంత తేలికో నాకు తెలుసు. నిన్ననే తెలిసింది అంటే చాలు, నమ్మేది. నా మాట ఎప్పుడు నమ్మలేదు గనక?

"నువ్వు ఆకు తెచ్చిన రోజే," అన్నాను.

"మొన్న సంతకి నిన్నడిగేను, పీకీమంటావా అని."

"అడిగేవు."

"అప్పుడు కింద సగమే ఉన్నాది. ఇప్పుడు పై దాకా ఎక్కీసింది." ఆమె గొంతు పెరగలేదు. "మీ బాబుకి మేం తెలీదు. మీ నాన్నకి కొడుకున్నాడు. నీకేటున్నాది నోనీ?"

ఆమె లడ్డూని మెట్టు మీద పెట్టి లేచింది. మిగతావాళ్ళతో వాళ్ళ సొంత భాషలో ఏదో చెప్పింది, దేశియాలో కాదు. ఇన్నేళ్ళలో నా ముందు వాళ్ళు ఆ భాష మాట్లాడటం అదే మొదటిసారి. అందరూ లేచారు. మెట్ల మీద వరసగా లడ్డూలు మిగిలాయి.

ఆ పుష్యంలో మా కొట్టుకి అడవి జీలకర్ర రాలేదు. మరుసటేడు ఒక్క కుంచం వచ్చింది, ఎక్కడో బోరిగుమ్మ వైపు నుంచి. కుంతప్ప పిల్లల్ని తీసుకుని ఆంధ్రా వైపు ఇటుక బట్టీకి వెళ్ళిందని తరవాత విన్నాను. తిరిగొచ్చిందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు మాత్రం నేను మెట్ల దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. నాన్న గల్లా మూసి లేచాడు.

"లోపలికి రా అమ్మీ, ఎండలో ఏటక్కడ? కూడు సల్లారిపోతంది," అన్నాడు, కోపం లేకుండా.

వెళ్ళాను. ఆర్డరొచ్చిందని పొద్దున్న నేనే అన్నయ్యకి ఇష్టమైన వెదురు కొమ్ముల కూర వండాను. ముగ్గురికీ ఆకులు వేశాను. నాన్నకి వడ్డించాను, అన్నయ్యకి వడ్డించాను. ఇద్దరూ తలొంచుకుని తింటున్నారు. ఉప్పు సరిపోయిందా అని అడిగాను. సరిపోయింది అన్నాడు అన్నయ్య. నేనూ కూర్చుని తిన్నాను.